తోక పట్టుకున్నది నేనే

ఆరు నెలలు అందరికీ ఒకటే చెప్పాను, సొరచేప కరిచిందని. అబద్ధం కాదు, కరిచింది. దానికి ముందు జరిగింది మాత్రం మింగేసేవాణ్ణి. ఫ్రెండ్ గాలానికి మూడడుగుల సొర పడింది, వాడు దాని మూతిలోంచి గాలం తీస్తుంటే ఇంకొకడు ఫోటో తీస్తానన్నాడు, నేను పోయి తోక పట్టుకుని ఎత్తాను. నోరు అటు, నా చెయ్యి ఇటు, అందదులే అనుకున్నా. సొరచేప ఒంట్లో ఎముకే ఉండదు, అంతా మృదులాస్థి. విల్లులా వంగి వెనక్కి తిరిగింది, కుడి అరచేతి అంచు పట్టింది, వదిలేసింది. నొప్పి తర్వాత వచ్చింది, ముందు తెలిసింది వెచ్చదనమే.

హాస్పిటల్లో వెంటనే కుట్లు వేస్తారనుకున్నా, వేయలేదు. ముందు ఎక్స్-రే, లోపల పళ్ల ముక్కలు విరిగి ఉన్నాయేమో అని. తర్వాత సెలైన్‌తో కడగడం, కడుగుతూనే ఉన్నారు. సముద్రపు నీళ్లలో విబ్రియో లాంటి బ్యాక్టీరియా ఉంటుందట, దాన్ని లోపల పెట్టి కుట్టేస్తే చేతికే ప్రమాదం. టెటనస్ ఇంజెక్షన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపారు. మూడో రోజుకి చెయ్యి ఉబ్బి, ఎర్రటి గీత మణికట్టు దాటి పైకి పాకింది, మళ్లీ అడ్మిషన్. చిటికెన వేలు మడవలేకపోతున్నానని మొదటి రోజే మొత్తుకున్నా, వాపు వల్లే అన్నారు. టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపి వేలిని మడిచే తాడులాంటిది, తెగిందని ఈ రెండోసారి అడ్మిషన్‌లో తేలింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఆపరేషన్, చేతికి స్ప్లింట్, తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. స్పాంజి బంతి పిసకడం ఇంత కష్టమా అనిపించేది.

ఫిజియో చేసే ఆవిడే అడిగారు, "దీన్ని ఎక్కడైనా రికార్డు చేయించారా?" అని. ఇలాంటివి రాసిపెట్టేవాళ్లున్నారని నాకు తెలియదు. ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్ అని, 1958లో అమెరికా నేవీ సాయంతో మొదలైంది, ఇప్పుడు ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉంది. 1500ల నాటి ఘటనల నుంచి ఆరు వేలకు పైగా కేసులున్నాయి అందులో.

ఎడమ చేత్తో ఒక్కో అక్షరం కొడుతూ వివరాలు నింపడం మొదలుపెట్టా. టైమెంత, నీళ్లు తేటగా ఉన్నాయా, ఒంటి మీద ఏం బట్టలు. మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశా, పళ్ల గాట్ల మధ్య దూరాన్ని బట్టి చేప సైజు అంచనా వేస్తారట. చకచకా రాసుకుంటూ వచ్చి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయా: ఆ సమయంలో మీరేం చేస్తున్నారు?

వాళ్లు కాట్లని ముందు రెండుగా విడదీస్తారు, దాని జోలికి మనిషి వెళ్లకుండా కరిచినవి, వెళ్తే కరిచినవి. 2024లో ప్రపంచమంతా కలిపి మొదటి రకం 47, రెండో రకం 24. సొరచేపల సహజ ప్రవర్తన తెలియాలంటే మొదటి రకమే చూడాలి, నాలాంటివాళ్లు అందులో కలిస్తే లెక్క చెడిపోతుంది. నేను నోరు మూసుకుంటే ఆ చేప ఊరికే మీద పడ్డట్టే కదా. రెండు రోజులు అలాగే వదిలేశా. మూడో రోజు రాశా, తోక పట్టుకుని ఎత్తానని.

1994లో ఫ్లోరిడాలో కాటు తిన్న ఒక సర్ఫర్ పాదంలోంచి ఇరవై ఏళ్లు దాటాక పంటి ముక్క బయటికొచ్చింది, డీఎన్‌ఏ తీస్తే బ్లాక్‌టిప్ సొర అని తేలింది. అది చదివినప్పటి నుంచి స్నానం చేసేటప్పుడు మచ్చ తడిమి చూసుకోవడం అలవాటైపోయింది. చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

ఆ రోజు తీసిన ఫోటో కూడా జతచేసి పంపాను. అందులో సొర అప్పటికే సగం తిరిగి ఉంది, నేనేమో కెమెరా వైపు చూసి నవ్వుతున్నా.