80డీ నుంచి ఆర్7కు: పక్షుల ఫొటోల్లో ఏం కలిసొచ్చింది, ఎక్కడ జాగ్రత్త కావాలి

బాడీ మారింది: కెనాన్ ఈఓఎస్ 80డీ పోయి ఆర్7 వచ్చింది. లెన్సు మాత్రం పాతదే, ఈఎఫ్ 400 ఎంఎం ఎఫ్/5.6ఎల్. మధ్యలో పాత లెన్సును కొత్త బాడీకి కలిపే ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్. ఆర్7 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కదా అని బరువు తగ్గుతుందని ఆశపడొద్దు. బాడీ 730 గ్రాముల నుంచి 612కు దిగింది కానీ అడాప్టరే 110 గ్రాములు. దాంట్లో గాజు ఉండదు కాబట్టి ఫొటో క్వాలిటీకి ఢోకా లేదు.

అసలు లాభమంతా ఆటోఫోకస్‌లోనే. 80డీలో ఫోకస్ కోసం వేరే సెన్సర్ ఉండేది. కొన్ని లెన్సులు కంటి మీద కాకుండా కాస్త ముందో వెనకో ఫోకస్ అయ్యేవి, మైక్రో అడ్జస్ట్‌మెంట్‌తో సరిచేసుకోవాల్సి వచ్చేది. ఆర్7 ఫొటో తీసే సెన్సర్‌తోనే ఫోకస్ చేస్తుంది, ఆ బెడద తీరిపోయింది. 1.4ఎక్స్ ఎక్స్‌టెండర్ (లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను 1.4 రెట్లు పెంచేది) తగిలించి ఎఫ్/8కు వెళ్తే 80డీ చాలా లెన్సులతో మధ్య పాయింటుకే పరిమితం. ఇప్పుడు పక్షి ఫ్రేమ్‌లో ఓ మూలకు జరిగినా పట్టు వదలదు.

ప్రస్తుతం కుదిరిన సెట్టింగ్: సర్వో ఏఎఫ్ (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసేది), సబ్జెక్ట్ యానిమల్స్, వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కు ఐ డిటెక్షన్ (కంటిని గుర్తించి ఫోకస్ చేసేది), షటర్ బటన్ సగం నొక్కితే సింగిల్ పాయింట్. రెండూ ఎందుకంటే, కొమ్మల గుబురులో కూర్చున్న పిట్టను వదిలేసి కెమెరా ముందున్న రెమ్మను పట్టుకుంటుంది. అప్పుడు ముందు సింగిల్ పాయింట్‌ను పిట్ట మీద పెట్టాలి, కన్ను దొరికాక ఏఎఫ్-ఆన్‌కు మారాలి.

ఇక బలహీనత. ఎలక్ట్రానిక్ షటర్‌లో సెకనుకు 30 ఫ్రేములు, పైగా చప్పుడుండదు. వినడానికి బాగుంది. కానీ సెన్సర్‌ను పై నుంచి కింది దాకా చదవడానికి సుమారు 1/30 సెకను పడుతుంది. షటర్ స్పీడు 1/4000 పెట్టినా ఈ చదివే సమయం తగ్గదు. అందుకే లకుముకి పిట్ట రెక్క కొడుతున్నప్పుడు తీస్తే రెక్క అసహజంగా వంగిపోయి కనిపిస్తుంది, కెమెరాను పక్కకు తిప్పుతూ తీస్తే వెనకాల చెట్లు వాలిపోతాయి. రా బర్స్ట్‌లో (రా ఫొటోలను వరసగా వేగంగా తీసే మోడ్) బటన్ నొక్కకముందు అర సెకను కూడా రికార్డయ్యే సౌకర్యం ఉంది, అదీ ఎలక్ట్రానిక్ షటరే కాబట్టి అదే చిక్కు. కదలకుండా కూర్చున్న పక్షికి నిశ్శబ్దం మేలు. ఎగిరేదానికి ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదలు ఎలక్ట్రానిక్‌గా, ముగింపు మెకానికల్ తెరతో జరిగే షటర్) పెట్టుకోవాలి: సెకనుకు 15 ఫ్రేములు చాలు, మెకానికల్ షటర్ అదురు కూడా తగ్గుతుంది. దీంతో ఎఫ్/1.8 లాంటి లెన్సుల్లో చాలా వేగమైన షటర్ స్పీడు దగ్గర బోకే (వెనకాల మసక) అంచులు కోసుకుపోతాయి, ఎఫ్/5.6లో ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

బాడీలోని స్టెబిలైజేషన్ ఈ లెన్సుకు వరమే, ఎందుకంటే దీనికి సొంత ఐఎస్ (అదురు తగ్గించే ఏర్పాటు) లేదు. వ్యూఫైండర్‌లో దృశ్యం నిలకడగా ఉంటుంది. అయితే ఎగిరే పక్షికి 1/2000 ఎలాగూ కావాలి, అక్కడ ఇది చేసేదేమీ లేదు.

పాత ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు సరిపోతాయి. కాకపోతే వ్యూఫైండర్ తెరిచి ఉన్నంతసేపూ చార్జ్ తింటూనే ఉంటుంది, స్పేర్ తప్పదు. 32.5 మెగాపిక్సెల్ సీఆర్3 (కెనాన్ రా) ఫైళ్లకు వేగమైన యూహెచ్‌ఎస్-2 రకం ఎస్‌డీ కార్డు వాడండి. కార్డు నెమ్మదైతే బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేదాకా ఆగే తాత్కాలిక మెమరీ) నిండి, సరిగ్గా పక్షి ఎగిరే వేళకు కెమెరా మొరాయిస్తుంది. స్థలం చాలకపోతే సీ-రా (కుదించిన రా) పెట్టుకోవచ్చు.