పక్క కౌంటర్ వాళ్లే ముందు పసిగడతారు

తిరుపతిలో లాడ్జి రిసెప్షన్ ఉద్యోగమంటే బ్రహ్మోత్సవాలప్పుడు నిద్ర మాట మర్చిపోవాల్సిందే, రూములు లేవని చెప్పిన ప్రతిసారీ తిట్లు మనకే. అలా మనిషి లోపల నలిగిపోతుంటే మేనేజర్‌కి తెలియదు (తెలిసినా డ్యూటీలు మారవు లెండి), పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది: టీకి రావడం మానేస్తాడు, చిన్నదానికే కసురుకుంటాడు. అప్పుడు సలహాలొద్దు. "ఏంబ్బా, నిద్ర పడతా ఉందా?" అని అడిగి, చెప్పింది విని, ఆ మాటలు ఇంకెవరికీ మోయకుండా ఉంటే చాలు. చచ్చిపోవాలనుంది అన్నాడా, ఇక రహస్యం లేదు, ఒంటరిగా వదలకూడదు, ఇంట్లోవాళ్లకి చెప్పాలి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మనం డాక్టర్లం కాదు కదా. మన ఊరి ప్రభుత్వాసుపత్రి రుయాలో మానసిక వైద్యులుంటారు, తోడు వెళ్లడానికి ఒక షిఫ్ట్ మార్చుకోండి.