ఆరు వందల రూపాయల్లో బొమ్మల రంగులు: నా అనుభవం

మా అబ్బాయి తన మొదటి సైనికుడి బొమ్మకు రంగులు వేయడం నిన్న ముగించాడు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బొమ్మలకు సన్నని కుంచెతో ముఖమూ దుస్తులూ బూట్లూ తీర్చిదిద్దాలన్న కోరిక వాడికి ఫోన్లో వీడియోలు చూసి పుట్టింది. తొమ్మిదేళ్లవాడికి ఈ పని మొదలుపెట్టించడానికి నాకైన ఖర్చు ఆరు వందల రూపాయల లోపే. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం, నేను మొదట వెళ్లిన దుకాణంలో నాకు చెప్పిన లెక్క దీనికి పదింతలు దాటడమే.

ఆ దుకాణం నగరానికి పడమటి వైపున ఒక పెద్ద మాల్‌లో ఉంది, పేరు చెప్పను. అరల నిండా విదేశీ బొమ్మలూ, వాటి పక్కన వేలెడంత రంగు సీసాలూ బారులు తీరి ఉన్నాయి. మావాడు ముక్కు ఆనించి చూస్తుంటే కౌంటరు దగ్గరి యువకుడు, "అద్దం ముట్టుకోవద్దని చెప్పండి సార్" అన్నాడు. సరే, అద్దం అతనిది. చవకలో ఒక బొమ్మ, ఒక కుంచె, నాలుగు రంగులు కావాలని అడిగాను. కుంచె విడిగా అమ్మరట, సెట్టే తీసుకోవాలట. రంగు పట్టేందుకు ముందుగా కొట్టే స్ప్రే ప్రైమరు, కలిపిన రంగు ఎండిపోకుండా ఉంచే తడి ప్యాలెట్, బొమ్మను బిగించే పిడి, బాగా సన్నని మూడు సున్నాల (000) నంబరు కుంచె లేకుండా మొదలుపెడితే బొమ్మ పాడైపోతుందట. అన్నీ కలిపి ఏడు వేలు దాటాయి. చిన్నపిల్లవాడు కనుక ముందు మామూలు రంగులతో వేయిస్తానని నేనంటే, అతను మావాడి వంక చూసి నవ్వి, "ఇది డ్రాయింగ్ క్లాసు కాదు సార్, మీకు కావలసింది కోఠీలో దొరుకుతుంది" అన్నాడు. వెనక వరుసలో నిలబడినవాళ్లు కూడా నవ్వారు. మావాడు నా చెయ్యి పట్టుకుని, "పోదాం నాన్నా, నాకేం వద్దులే" అన్నాడు. తండ్రి జేబు ఎంత లోతో కొడుక్కి నలుగురిలో తెలియజెప్పే హక్కు ఆ మనిషికి ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అతనికి అక్కడే చెప్పవలసింది, నోరు రాక ఇక్కడ చెబుతున్నాను. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించి రంగులు వేసే కుటుంబాల్లో పిల్లలు పెద్దల పక్కన కూర్చునే పని నేర్చుకున్నారు. సెట్టు కొననిదే కుంచె పట్టవద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అతను వెక్కిరించినట్టే కోఠీకి వెళ్లాము. అక్కడ తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం, గోధుమ ఆక్రిలిక్ రంగులు 15 మిల్లీలీటర్ల సీసాల్లో దొరికాయి. దుకాణంలోని పెద్దాయన కుంచెను నీళ్లలో ముంచి, మొన సూదిగా నిలుస్తోందో లేదో మావాడికి చూపించి, "ఇట్ల చూసుకొని కొనాలె బేటా" అన్నాడు. ఒకటో నంబరుది ఒకటి, నాలుగో నంబరుది ఒకటి తీసుకున్నాము. బేగంబజార్‌లో సైనికుల ప్యాకెట్టు కొన్నాము. ఈ బొమ్మలు సుమారు ఐదు సెంటీమీటర్ల ఎత్తుంటాయి. ఆ మాల్‌లోని 28 మిల్లీమీటర్ల బొమ్మలకన్నా పిల్లల చేతికి ఇవే అనువైనవి.

మూడు సున్నాల కుంచె లేకుండానే పని జరిగింది. అంత సన్నని కుంచెలో రంగు నిలవదు. బొమ్మ దాకా వెళ్లేలోపే మొన మీద ఎండిపోతుంది. మొన బాగున్న ఒకటో నంబరు కుంచెతో బొత్తాలు కూడా వేయవచ్చు. పాత టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ పరిచి, దానిపై బటర్ పేపరు వేస్తే అదే తడి ప్యాలెట్. ఫ్యాను కింద రంగు నిమిషాల్లో గట్టిపడే మన ఊరి ఎండాకాలంలో ఇది నిజంగా అవసరం. బొమ్మను మందు సీసా మూత మీద రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టాము, అదే పిడి.

చవక బొమ్మలతో ఉన్న అసలు చిక్కు వాటి మెత్తని ప్లాస్టిక్. దాని మీద రంగు నిలవదు, వంచితే పెచ్చులుగా లేస్తుంది. అందుకని గిన్నెలు తోమే సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో జిడ్డు పోయేలా రుద్ది, ఆరాక నీళ్లు కలిపిన ఫెవికాల్ పలుచగా పూసి రాత్రంతా ఆరనివ్వాలి. స్ప్రే ప్రైమరు వాడితే ఇలాంటి ప్లాస్టిక్ మీద కొన్నిసార్లు బంకగా ఉండిపోతుంది. పైగా ఆ వాసన పిల్లల దగ్గర మంచిది కాదు. అచ్చు అతుకుల గీతలను బ్లేడుతో గీకే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

రంగును పలుచని మజ్జిగలా కలిపి, ఒక పూత ఆరాకే రెండోది వేయించండి. పిల్లలు తొందరపడేది ఇక్కడే. చివరగా బాగా నీళ్లు కలిపిన గోధుమ రంగును బొమ్మంతా పారించి, ఎత్తుగా ఉన్న చోట్ల టిష్యూతో అద్దితే, అప్పటిదాకా చదునుగా ఉన్న చొక్కాకు మడతలు వస్తాయి. అది చూసి మావాడు అమ్మను వంటింట్లోంచి పిలుచుకొచ్చాడు. కళ్లు వేయించకండి, హెల్మెట్ కింద కొంచెం నీడ పడితే చాలు.

వార్నిష్ ఇంకా కొనలేదు. పిల్లలు చేతుల్లో పట్టుకుని ఆడే బొమ్మకు మోచేతుల దగ్గర, తుపాకీ మొన దగ్గర రంగు ముందుగా లేస్తుంది కనుక, నీటిలో కలిసే, మెరుపు లేని మ్యాట్ వార్నిష్ తెచ్చి రెండు పలుచని పూతలు వేయాలి. అది ఆరేదాకా సైనికుణ్ణి బడికి తీసుకెళ్లడానికి వీల్లేదని వాడికి చెప్పాను.