నలభై నిమిషాల కంటే ముందు దిగకూడదు

మా మేనల్లుడి కారుకు వెనక రెండు పొగగొట్టాలున్నాయి. తిరుపతి స్టేషను దగ్గరికి నా కోసం వచ్చినవాడు, నా చేతిలో సంచి అందుకోవడం మరిచిపోయి ముందు వాటిని చూపించాడు. ఆ తర్వాత కారు ముందుకు తీసుకెళ్లి జాలీ మీది పందెం జెండా గళ్లు, చక్రాల సందుల్లోంచి తొంగిచూసే ఎర్రటి బ్రేకు కాలిపర్లు, అక్కడక్కడా మెరిసే ‘ఎన్’ అక్షరం చూపించాడు. హ్యుందయ్ ఐ20 ఎన్ లైన్. ఎవరో వాడిన బండినే కొన్నాడు, పది రోజులైంది. కాణిపాకంలో వాహనపూజ, మర్నాడు తిరుమలలో దర్శనం అనుకుని అక్క తోడు రమ్మంటే పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాను.

“ర్యాలీ కారు మామయ్యా ఇది,” అన్నాడు.

“ర్యాలీ కారుతో ఇంటిపేరు కలిసింది, అంతే. చుట్టరికం లేదు,” అన్నాను.

అనకుండా ఉండాల్సింది. రెండు రోజుల ప్రయాణంలో సగం ఆ మాట మీదే నడిచింది.

నాకు ఈ విషయంలో నోరు ఊరుకోదు. మద్రాసులో చదువుకునే రోజుల్లో కార్ల పందేల ర్యాలీలకు స్వచ్ఛంద సేవకుడిగా వెళ్లేవాణ్ణి. నా ఉద్యోగం గొప్పదేమీ కాదు. మట్టిదారి చివర బల్ల వేసుకుని, గడియారం ముందు పెట్టుకుని, వచ్చిన ప్రతి కారు కార్డు మీద సమయం రాసి సంతకం పెట్టడం. సాయంత్రానికి కనుబొమల దాకా దుమ్ము పట్టేది. ఆ దుమ్ము ఇంకా ఎక్కడో ఉన్నట్టుంది, ర్యాలీ అనే మాట వినపడగానే లేస్తుంది.

చంద్రగిరి దాటి పూతలపట్టు వైపు రహదారి విశాలమయ్యాక వాడు మళ్లీ మొదలుపెట్టాడు. హ్యుందయ్ ప్రపంచ ర్యాలీల్లోకి 2014లో ఐ20తోనే తిరిగి వచ్చిందని, 2019లోనూ 2020లోనూ తయారీదారుల టైటిల్ గెలిచిందని లెక్కలతో చెప్పాడు. అన్నీ నిజాలే. మరి ఆ కారునే మనకు ఎందుకు అమ్మరు అన్నది వాడి బాధ. వాడి కారు ఇంజిను ఒక లీటరు టర్బో, 120 హార్స్‌పవర్, శక్తి ముందు చక్రాలకే. ర్యాలీలో పరుగెత్తే దానిది 1.6 లీటర్ల టర్బో, శక్తి నాలుగు చక్రాలకూ. వాడి కారు పుట్టిల్లు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఫ్యాక్టరీ, పుత్తూరు మీదుగా వెళ్తే తిరుపతి నుంచి మూడు గంటల దారి. ర్యాలీ కారు తయారయ్యేది జర్మనీలోని ఆల్జెనావ్‌లో. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారమైతే షోరూము కారు కాయం కూడా అక్కర్లేదు. ఇనుప గొట్టాలతో పంజరంలా చట్రం కట్టి, పైన ఐ20 ఆకారంలో రేకులూ ఫైబరూ తొడిగితే చాలు. మన ఊళ్లో ఉత్సవ విగ్రహానికి వెదురు కట్టి అలంకారం చేసినట్టే.

“అంటే అది ఐ20 కాదా?” వెనక సీట్లోంచి అక్క అడిగింది.

“ఐ20 వేషం,” అన్నాను. వాడు గేరు మార్చిన తీరులో కోపం తెలిసింది.

నిజానికి ర్యాలీ కారును మామూలు జనానికి అమ్మిన కాలం ఒకటుంది. అమ్మాలని కోరిక పుట్టి అమ్మినవి తక్కువ, నిబంధన మెడ మీద కూర్చుంటే అమ్మినవే ఎక్కువ. పోటీలో దిగాలంటే అలాంటి కార్లు ఫలానా సంఖ్యలో తయారుచేసి చూపించాలి. దీన్నే హోమోలగేషన్ అంటారు. 1982లో మొదలైన గ్రూప్ బి తరగతికి 200 కార్లు చాలు. అందుకే ప్యూజో 205 టి16 వంటి వింత బండ్లు రోడ్డు మీదికొచ్చాయి. మామూలు 205కు ఇంజిను ముందుంటుంది, టి16లో సీట్ల వెనక ఉంటుంది. పేరు ఒక్కటే, లోపల వేరే జన్మ.

లాన్సియా కంపెనీ గురించి ఒక కథ ర్యాలీ లోకంలో తరతరాలుగా తిరుగుతోంది. 037 అనే కారు 200 ఉండాల్సిన చోట సగమే సిద్ధమయ్యాయట. తనిఖీకి వచ్చినవాళ్లకు ఒక ఆవరణలో ఆ సగం చూపించి, మిగతావి ఇంకో చోట ఉన్నాయని చెప్పి, మధ్యలో తీరికగా భోజనం పెట్టించారట. వాళ్లు తినేలోపు ఆ కార్లే రెండో ఆవరణకు చేరాయట. ఎంత నిజమో గానీ, చెప్పినప్పుడల్లా నాకు ఇంజినీరింగ్ కాలేజీ తనిఖీలు గుర్తొస్తాయి. పక్క కాలేజీ నుంచి కంప్యూటర్లు లారీలో వచ్చి, తనిఖీ ముగియగానే అదే లారీలో వెళ్లిపోవడం మా వాడు కళ్లారా చూశాడు. ఇది విన్నాక వాడి ముఖం కొంచెం విప్పారింది.

కాణిపాకంలో పూజారిగారు బానెటు మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు పోనిమ్మన్నారు. అరవై గజాల ఆ ప్రయాణంలో మా వాడు ఎంత భక్తిగా నడిపాడో, అదే భక్తి రహదారి మీద ఉంటే నాకు నడుము నొప్పి వచ్చేది కాదు. ఈ క్షేత్రం ప్రమాణాలకు పెట్టింది పేరు. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధమాడటానికి ఎంతటివాడైనా జంకుతాడని నమ్మకం. బావి దగ్గర తీర్థం తీసుకుంటూ మా వాడితో అన్నాను: “ఫలానా కారు ర్యాలీ కారేనని కంపెనీలవాళ్లను ఇక్కడికి తెచ్చి తడిబట్టలతో ప్రమాణం చేయిస్తే, ఎందరు నిలబడతారంటావు?”

“కొందరు నిలబడతారు మామయ్యా. సుబారు, మిత్సుబిషి.”

అందులో వాడు గెలిచాడు. గ్రూప్ బి కార్ల వేగం మనిషి చేతికి అందలేదు. 1986 మే 2న కోర్సికా ర్యాలీలో హెన్రీ టోయివోనెన్, ఆయన సహచరుడు సెర్జియో క్రెస్టో లాన్సియా కారుతో సహా లోయలో పడి కాలిపోయారు. ఆ ఏడాది చివరితో ఆ తరగతే పోయింది. తర్వాత గ్రూప్ ఎ రాజ్యమేలింది. ఏడాదిలో 5,000 కార్లు తయారుచేస్తేనే అర్హత, తర్వాత దాన్ని 2,500కు తగ్గించారు. అన్ని వేల కార్లంటే దాచిపెట్టి తోసెయ్యడం కుదరదు, జనం కొనాలి. అందుకే లాన్సియా డెల్టా ఇంటెగ్రాలే, సుబారు ఇంప్రెజా టర్బో, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ డబ్బున్న సామాన్యుల ఇళ్ల ముందుకొచ్చాయి. డెల్టా 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు టైటిళ్లు గెలిచింది. మన దేశంలో మామూలు లాన్సర్ తిరువళ్లూరులో తయారయ్యేది. మా బావకు దాని మీద ఎంత మోజుండేదో, చివరికి స్కూటరుతో సరిపెట్టుకున్నాడు.

మరి 1997లో ఏమైందంటే, నిబంధన మారింది. ర్యాలీ కారు ఏ మోడల్ పేరుతో దిగుతుందో ఆ కుటుంబంలో మామూలు కార్లు ఏడాదికి 25,000 తయారైతే చాలు. దానికి టర్బో లేకపోయినా, నాలుగు చక్రాలకూ శక్తి అందకపోయినా, ర్యాలీ కారుకు అవి తగిలించుకోవచ్చు. ఖర్చు తగ్గి ఎక్కువ కంపెనీలు వస్తాయని చేసిన మార్పు ఇది. వచ్చాయి కూడా. కానీ కొనేవాడికి మాత్రం అక్కడితో తలుపు మూసుకుంది. మెడ మీది కత్తి తీసేశాక ఇంకా ఎవరు తల వంచుతారు? మిత్సుబిషి ఒక్కటే 2001 వరకు పాత పద్ధతిని పట్టుకుని వేలాడింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ప్యూజో 206. ర్యాలీ కారు కనీసం నాలుగు మీటర్ల పొడవుండాలి. 206 దానికి కొంచెం పొట్టి. కంపెనీవాళ్లు ఏం చేశారో తెలుసా? 206 జీటీ అని ఒక రకం పుట్టించి, బంపర్లు ముందుకూ వెనక్కూ సాగదీసి, 4,000 కార్లు తయారుచేసి అమ్మారు. ర్యాలీ కారులోని టర్బో లేదు, నాలుగు చక్రాల శక్తి లేదు. కొన్నవాడికి దక్కింది బంపరు! ఆ బంపరు పుణ్యమా అని ర్యాలీ 206 బరిలో దిగి 2000, 2001, 2002 తయారీదారుల టైటిళ్లు ఎగరేసుకుపోయింది. బారెడు ముక్కు పెట్టించుకుని పెళ్లిచూపులకు వెళ్లి సంబంధం ఖాయం చేసుకున్నట్టుంది ఈ వ్యవహారం. చిత్తూరులో భోజనానికి ఆగినప్పుడు ఈ కథ చెబుతుంటే అక్కకు పొలమారింది.

ఆ భోజనం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. మర్నాడు కొండ ఎక్కాలి గనక నాటుకోడి వద్దంది అక్క. రాగి సంగటి, శనక్కాయల ఊరుబిండి, నెయ్యి. సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసుకున్నాక, నా మట్టుకు నాకు ర్యాలీలూ ప్రపంచ టైటిళ్లూ కాసేపు కనపడలేదు.

పలమనేరులో అక్క స్నేహితురాలిని చూడాలి గనక మొగిలి ఘాట్ ఎక్కాం. లారీలు ఏనుగుల్లా బారు కట్టి మెల్లగా పాకుతున్నాయి. వాడు రెండో గేరులో విసుక్కుంటుంటే, ఇదే దారిలో అసలు ర్యాలీ కారు ఎలా ఉంటుందో చెప్పాను. గేరు పళ్లు నిలువుకోతవి, అందుకని పిండిమర పక్కన కూర్చున్నంత మోత. లోపల తల చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. శిరస్త్రాణం పెట్టుకున్నవాడి ప్రాణం కాపాడేది అదే, లేనివాడి తల పగలగొట్టేదీ అదే. వెనక సీటు ఉండదు.

“నేనెక్కడ కూర్చోవాలి?” అంది అక్క.

“ఇంట్లో.”

ఇది నవ్వులాట అనిపించినా అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ మోతను, పంజరాన్ని తీసేసి, సీట్లు వేసి, పొగ పరీక్షకూ శబ్ద పరీక్షకూ గుద్దుడు పరీక్షకూ నిలిచేలా మారిస్తే అది మళ్లీ కొత్త కారే. ఆ పరీక్షలకూ కొత్త అచ్చులకూ అయ్యే ఖర్చు 500 కార్లు అమ్మినా అంతే, లక్షలు అమ్మినా ఇంచుమించు అంతే. లక్షల కార్ల మీద పంచితే ఒక్కోదానికి చిల్లరగా తేలే ఖర్చు, 500 మీద పంచితే ఇల్లు అమ్ముకునేంత అవుతుంది. అసలు ర్యాలీ కారు ధరే చూడండి. 2027 నుంచి రానున్న నిబంధనల్లో ఒక్క కారుకు 3,45,000 యూరోల పరిమితి పెట్టారు. మన డబ్బుల్లో మూడు కోట్లు దాటుతుంది, అదీ పొదుపు పేరుతో. మా వాడి కారు కొత్తదైనా పది పన్నెండు లక్షల్లో వస్తుంది. ఆ పొగగొట్టాలు చూసి మనసు పారేసుకునేవాళ్లు వేలల్లో ఉన్నప్పుడు, కంపెనీ పొగగొట్టాలే అమ్ముతుంది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

“టయోటా జీఆర్ యారిస్ సంగతేమిటి?” అని చివరి బాణం వేశాడు. మంచి బాణమే. మూడు తలుపుల కాయం, 1.6 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో, నాలుగు చక్రాల శక్తితో 2020లో వచ్చింది. దాని ఆధారంగా కొత్త ర్యాలీ కారు తయారు చేయాలనుకున్నారు. కరోనా వచ్చి ఆ ర్యాలీ కారు ఆగిపోయింది, రోడ్డు కారు మాత్రం మిగిలింది. పెళ్లి ఆగిపోయినా విందు జరిగినట్టు. కొన్నవాళ్లు అదృష్టవంతులు.

ఘాట్ ఎక్కాక టీ దుకాణం ముందు ఒక పాత మారుతి జిప్సీ జీపు ఆగి ఉంది. కౌండిన్య అభయారణ్యం ఏనుగుల వెంట తిరిగే అటవీశాఖవాళ్లది కాబోలు, తలుపుల మీద గీతలు, టైర్ల నిండా ఎర్రమన్ను. నేను గ్లాసు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నా బల్ల ముందుకు దుమ్ములేపుకుంటూ వచ్చి ఆగిన కార్లలో ఎక్కువ ఇవే. షోరూములో కొని, పంజరం బిగించి, సస్పెన్షన్ మార్చి, తెల్లారి పోటీలో దించేవారు. మారుతి దాన్ని ర్యాలీ కోసం తయారు చేయలేదు. అయినా మన దేశంలో ఎవరైనా వెళ్లి కొనుక్కోగలిగిన ర్యాలీ కారంటే నా లెక్కలో ఇదొక్కటే. మా వాడు దాని వెనక్కు వెళ్లి చూసి, “పొగగొట్టం ఒక్కటే మామయ్యా,” అన్నాడు.

మర్నాడు తిరుమల. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, ఆ తర్వాత వేసింది ఎక్కడానికి. అలిపిరి దగ్గర తనిఖీ అయ్యాక సమయం ముద్రించిన చీటీ చేతిలో పెడతారు. 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందికి రాకూడదు. దాన్ని చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. ఎన్నేళ్ల తర్వాతో నా కార్డు నాకు కనపడింది!

ర్యాలీ అంటే పొద్దస్తమానం పరుగు అనుకుంటారు. పందెం నడిచే దారులు కొన్నే. ఒక దారి నుంచి ఇంకో దారికి ఆ కార్లు మామూలు రోడ్ల మీదే, నంబరు పలకతో, ఎర్రదీపం దగ్గర ఆగుతూ వెళ్తాయి. ఆ మేరకు అవీ రోడ్డు కార్లే. నా బల్ల దగ్గరికి చెప్పిన నిమిషానికి రావాలి. ప్రపంచ ర్యాలీ లెక్క ప్రకారం నిమిషం ఆలస్యమైతే పది సెకన్లు కలుపుతారు. నిమిషం ముందొస్తే పూర్తి నిమిషం కలుపుతారు. తొందరపడ్డవాడికి ఆరు రెట్లు శిక్ష. పైకి వెళ్తూ ఇదంతా చెబుతుంటే మా వాడు మొదటిసారి మారుమాట్లాడకుండా విన్నాడు.

దర్శనం బాగా జరిగింది. అక్క లడ్డూ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు చీటీ నా చేతికిచ్చి, “మామయ్యా, గడియారం మీరు చూడండి,” అన్నాడు. మలుపు మలుపుకూ నిమిషాలు చదివాను. వాడు హారను కొట్టలేదు, ఎవరినీ దాటలేదు. కింద తిరుపతి ఊరు ఒక మలుపులో కుడివైపు, ఇంకో మలుపులో ఎడమవైపు కనిపిస్తూ పెద్దదవుతూ వచ్చింది. ఒక వంపు దగ్గర కోతుల గుంపు రోడ్డు దాటుతుంటే ఆగిపోయాం. తల్లికోతి పిల్లను పొట్టకు కరిపించుకుని తీరిగ్గా నడిచింది.

అలిపిరిలో చీటీ అందించేటప్పటికి 43 నిమిషాలైంది. కారు పక్కకు తీసి ఆపి, వేళ్ల మీద లెక్క వేశాడు.

“మూడు నిమిషాలు ఆలస్యం. ముప్పై సెకన్లు పోయాయి మామయ్యా,” అన్నాడు దిగులుగా. “కోతులవల్ల.”