కిల్వా దీవికి ఒక కాగితం

టాంజానియాలోని దారెస్సలాంలో ఉద్యోగానికి వచ్చి మూడేళ్లయినా, పాత రేవు పట్నం శిథిలాలున్న కిల్వా కిసివానీ దీవిని చూడలేదు. జాంజిబార్‌కు మాత్రం నాలుగుసార్లు వెళ్లాను. అక్కడికి ఓడ టికెట్ కొంటే చాలు. కిల్వాకైతే అనుమతి కాగితం కావాలి, గైడును వెంటబెట్టుకోవాలి. ఆ మాట వినగానే బద్ధకం ముంచుకొచ్చేది.

చివరికి ఒక శుక్రవారం తెల్లవారుజామున ఎంబగాలాలో బస్సెక్కాను. దక్షిణంగా దాదాపు 300 కిలోమీటర్లు. రుఫీజీ నది దాటి మధ్యాహ్నానికి, దీవికి ఎదురుగా ఒడ్డున ఉన్న కిల్వా మసోకో ఊళ్లో దిగాను.

అనుమతి ఇచ్చే కార్యాలయంలో నోట్లు తీసి ఇవ్వబోతే ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు. ప్రభుత్వ రుసుముకు కంట్రోల్ నంబర్ ఇస్తారు, ఫోనులో కట్టాలి. నంబర్ వెంటనే వచ్చింది, సిగ్నలే రాలేదు. ఫోను పైకెత్తి చెట్టు కింద ప్రదక్షిణలు చేస్తుంటే అరుగు మీద ఒక ముసలాయన నవ్వుతూ చూస్తున్నాడు. స్వాహిలీలో పెద్దవాళ్లను పలకరించే తీరులో "షికమో" అన్నాను. "మరహబా" అని బదులిచ్చి, "పోలే పోలే" అన్నాడు. నిదానం, నిదానం అని. ముప్పావు గంటకు రుసుము చేరింది, ముద్ర పడింది. కాగితం మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

అప్పటికి సముద్రం పాటు మీదుంది. పడవ ఒడ్డుదాకా పోలేదు. చెప్పులు చేతబట్టుకుని నడుస్తూ ఒకచోట కాలు జారి నడుము దాకా తడిశాను.

పెద్ద మసీదు గోడ మీద చెయ్యి వేస్తే గరుకుగా, సన్నని రంధ్రాలతో తగిలింది. అది పగడపు రాయి. 11వ శతాబ్దంలో మొదలైన కట్టడాన్ని 14వ శతాబ్దంలో పెంచారు. దక్షిణాన ఉన్న సొఫాలా రేవు నుంచి వచ్చే బంగారం ఈ రేవు మీదుగా సాగిన రోజులవి. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇక్కడికి వచ్చాడు. దారిలో నేల మీద ఒక పూస మెరిసింది. వంగబోతే గైడు ఆపాడు, ఏదీ తీయకూడదట. ఇక్కడ తవ్వకాల్లో బయటపడిన గాజుపూసల్లో మన దేశం నుంచి వచ్చినవీ ఉన్నాయి. అది అలాంటిదేనా అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

సుల్తాను కోట హుసునీ కుబ్వాలో, కొండకొమ్మున ఎనిమిది పలకల కొలను ఉంది. ఎండిపోయినా అందమే. 1505లో వచ్చిన పోర్చుగీసుల కోట శిథిలాల మీద తర్వాత లేచిన కోటను గెరెజా అంటారు. వాళ్ల భాషలో చర్చికి ఉన్న మాట స్వాహిలీలోకి వచ్చి జైలు అయింది!

దీవి మీద అనుమతి ఎవరూ అడగలేదు. గదికి వచ్చి జేబు తడిమితే కాగితం ముద్దయిపోయింది. ముద్ర సిరా ప్యాంటుకు అంటుకుంది. రెండుసార్లు ఉతికినా పోలేదు.