చంద్రగిరి మ్యూజియమా, గోవిందరాజస్వామి గుడి వీధులా?

దర్శనమయ్యాక ఒక పూట మిగిలితే చంద్రగిరికే నా ఓటు. తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే. అక్కడి కోటలోని రాజమహల్ మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతోనే లేచాయి, కలప ముక్క లేదు. లోపల పురావస్తు శాఖ మ్యూజియం. శుక్రవారం మాత్రం సెలవు, అది తెలియక ఎంతోమంది తలుపులు చూసి తిరిగొస్తుంటారు, పాపం.

రైలుకు రెండు గంటలే ఉంటే అటు వెళ్ళొద్దు, ఆటోల ట్రాఫిక్‌లోనే టైమంతా పోతుంది. గోవిందరాజస్వామి గుడి స్టేషన్ నుంచి నడిచేంత దూరమే. ఎండ దిగాక వెళ్ళండి, మధ్యాహ్నం ఆ బండలమీద ఒట్టికాళ్ళు నిలవవు. ఏడంతస్తుల గాలిగోపురాన్ని బయటినుంచి ఫోటో తీసి వదిలేయకండి. ద్వారంలో ఆగి పక్క గోడలు చూడండి: రామాయణం, కృష్ణలీలలు, వాటితోపాటు గోపురం కట్టించిన మట్లి అనంతరాజు, ఆయన రాణులు. జనం తోసుకుంటూ దాటిపోయే చోటే అసలైన శిల్పం ఉంది.