పట్టాలో ఆమె పేరు

మొన్న భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడేనికి వెళ్లాను. ఓ అవ్వ ట్రంకుపెట్టెలోంచి పోడు పట్టా తీసి, "ఇదిగో బిడ్డా, నా పేరు కూడా ఉంది" అని వేలు పెట్టి చూపించింది. ఆమెకు చదవడం రాదు, కానీ ఆ చోటు గుర్తు. పెళ్లయినవాళ్లకు ఇద్దరి పేరునా పట్టా ఇవ్వాలంటుంది 2006 అటవీ హక్కుల చట్టం. ఆ ఒక్క వాక్యం వల్లే, ఆయన పోయాక కూడా ఆ చెలక ఆమెదే.

పక్కింటామెకు మాత్రం రాలేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్నట్టు కాగితం తెమ్మన్నారట. కాగితమే ఎరగని గూడెం అది! ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఒక సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది. ఆ మాట ఆమెకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. నేను చెప్పేసరికి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గ్రామసభ రోజున మళ్లీ వెళ్తున్నాను.